432 గ్రాములు వెళ్లి 560 గ్రాములు తిరిగొచ్చిన చీర: పొందూరు రిటర్న్ కేసు

పొందూరులో ఖాదీ, చేనేత రెండూ అమ్మే ఒక కుటుంబ దుకాణం. కొట్లో అమ్మకం పడిపోయాక ఒక పెద్ద ఆన్‌లైన్ వేదికలో ఖాతా తెరిచారు. ప్యాకెట్ కట్టేది కొట్లో ఉండే భార్యాభర్తలు, లేబుళ్లు తీసేది శ్రీకాకుళంలో ఉండే కొడుకు. ఈ పని పంపకం గుర్తుంచుకోండి, కేసు చివరికి దాని మీదే నిలబడింది. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం, రూపాయలు గుండ్రం చేశాం.

వస్తువు వంద కౌంటు, అంటే చాలా సన్నటి నూలు, ఖాదీ చీర. రసాయనంతో తెల్లబరచని పాలమీగడ రంగు, సన్నటి ఎర్ర అంచు, ధర 9,800. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద చేత్తో వడికిన నూలు అది. ధరంతా ఆ చేతిపనిదే. ఇంచుమించు అదే రంగు, అదే అంచు ఉన్న మిల్లు నూలు చీర బజార్లో అందులో పదో వంతుకి దొరుకుతుంది. ఫోటో తీస్తే రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. సరుకు మార్చాలనుకునేవాళ్లకి ఇంతకన్నా వాటమైనది ఉండదు.

సంక్రాంతికి మూడు వారాల ముందు ఆర్డరు వచ్చింది. ఐదో రోజు చీర చేరింది, ఆరో రోజు రిటర్న్ అడిగారు. కారణం దగ్గర ‘నాణ్యత బాగాలేదు’ అనే గడి నొక్కారు. పికప్‌కి వెళ్లిన మనిషి ప్యాకెట్‌ని స్కాన్ చేయగానే కొన్నవారి డబ్బు వెనక్కి వెళ్లిపోయింది. ‘మాకు సరుకు రాకుండానే డబ్బెలా ఇచ్చేస్తారు’ అని చాలామంది అమ్మకందారులు ఇక్కడే తగువు మొదలెడతారు. దండగ. ఖాతా తెరిచిన రోజు చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ నొక్కిన షరతుల్లో అదీ ఉంది. తిరిగొచ్చిన సరుకు మీద క్లెయిమ్ వేసుకునే హక్కు ఒక్కటే చేతిలో ఉంటుంది. ఆ గడువు వేదికని బట్టి మారుతుంది, ఒకే వేదికలో కూడా ఏడాదికోసారి మారుస్తుంటారు. అందుకని గడువెంతో గుర్తుపెట్టుకునే బదులు, ప్యాకెట్ వచ్చిన రోజే తెరిచి ఆ రోజే క్లెయిమ్ వెయ్యడం అలవాటు చేసుకోవాలి.

తొమ్మిది రోజులకి ప్యాకెట్ కొట్టుకి చేరింది. డెలివరీ కుర్రాడి ఫోను తెర మీద వేలితో సంతకం గీకేసి లోపల పడేశారు. సాయంత్రం కాస్త తీరిక దొరికాక కవరు కోశారు. మడత విప్పగానే అనుమానం వచ్చి, అప్పుడు ఫోను తీసి వీడియో మొదలెట్టారు. చీరకి కొట్టు ట్యాగు ఉంది, ఖాదీ మార్క్ లేబులూ ఉంది. పక్కింట్లో నూలు వడికే పెద్దావిడని పిలిచి చూపించారు. ఆవిడ కొంగు అంచుని రెండు వేళ్ల మధ్య పెట్టి ఒక్కసారి జార్చి చూసి, ‘మనది కాదు బాబూ. మిల్లు నూలు. సేతికి ఏటీ తగల్దు’ అంది.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చేత్తో వడికిన పోగు ఎంత నేర్పుగా తీసినా ఒకచోట సన్నం, ఒకచోట లావు. కిటికీ వెలుతురుకి అడ్డం పెడితే బట్ట మీద చిన్న చిన్న నీడలు, అక్కడక్కడ గడ్డిపరక మందాన ఉబ్బు కనిపిస్తాయి. మిల్లు నూలు గీత గీసినట్టు ఉంటుంది. ట్యాగు దారాన్ని పరీక్షగా చూస్తే ముడి కూడా వేరు. కొట్లో వేసేది ఒంటి ముడి, వచ్చినదానికి రెండు ముళ్లు. కొట్టు పంపిన చీర నుంచి ట్యాగు తీసి మిల్లు చీరకి కట్టారు. ‘ట్యాగు చెక్కుచెదరకపోతేనే రిటర్న్’ అనే షరతు మీద భరోసా పెట్టుకున్నవాళ్లు గమనించాల్సిన సంగతి ఇది. ట్యాగు సరుకుకి గుర్తు కాదు, దారం కత్తిరిస్తే ఎటైనా పోతుంది.

అయితే ఆవిడ వేలికి తెలిసిన సంగతిని ఎక్కడో ఆఫీసులో కూర్చుని, బట్ట ముట్టుకోకుండా, నాలుగు ఫోటోలు చూసి నిమిషాల్లో తేల్చే మనిషికి ఎలా చెప్పాలి? ఈ కేసులో కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి క్లెయిమ్ రెండు రోజుల్లో కొట్టేశారు. ‘ఆధారాలు చాలవు’ అన్న ఒక్క ముక్క తప్ప వివరణ లేదు. కాగితాలన్నీ ముందు పెట్టుకుని చూస్తే కొట్టేయడంలో వింతేమీ లేదు. వీడియో కోసిన కవరుతో మొదలైంది, కాబట్టి ఆ చీర ఆ కవర్లోంచే వచ్చిందనడానికి రుజువు లేదు. లేబుల్ మీద ట్యూబులైటు వెలుగు పడి బార్‌కోడ్ చదవడానికి రాలేదు. వీడియో మొదట్లో ఫోను తడబడిన ముక్కని గ్యాలరీలోనే కత్తిరించారు. కత్తిరించిన వీడియో అంటే డెస్కు మనిషికి అనుమానమే. క్లెయిమ్ రకం దగ్గర ‘పాడైన సరుకు’ ఎంచుకున్నారు. ‘వేరే వస్తువు వచ్చింది’ అన్నది వేరే గడి, దానికి చూసే ఆధారాలు వేరు, ఇచ్చే పరిహారం వేరు. పాడైన చోటు ఫోటోలో కనిపించక ఫైలు అక్కడే మూసేసి ఉంటారు.

రాసిన విషయం ఇంకా ఇబ్బంది. పేజీన్నర ఉత్తరం. కొన్నవారు మోసగాళ్లని, నేత పనివాళ్ల కడుపు కొడుతున్నారని. బాధ న్యాయమైనదే, ఆధారం మాత్రం కాదు. పైగా మార్చింది కొన్నవారేనని ఎవరు చూశారు? వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో కొరియరు గోదాములో మారి ఉండొచ్చు. డెలివరీ తీసుకోకుండా వెనక్కి వచ్చే ఆర్టీవో ప్యాకెట్లలోనూ సరుకు మారిపోతుంటుంది, అక్కడ కొన్నవారి చెయ్యే పడదు. క్లెయిమ్‌లో ‘ఏది వెళ్లింది, ఏది వచ్చింది’ అంతవరకే రాయాలి. ఎవరు మార్చారో తేల్చడం మన పని కాదు, తేల్చబోతే ఉన్న బలమూ పోతుంది. కొన్నవారి నంబరు పట్టుకుని ఫోన్లు చేయడం అసలు వద్దు. ఖాతా మీదికే వస్తుంది.

అప్పీలుకి సాయంగా మేం కూర్చున్నప్పుడు వీడియోని పక్కన పెట్టేశాం. దానికి పడిన మచ్చ పోదు. ప్యాకెట్ తెరవకముందే, మూడో మనిషి రాసిపెట్టిన లెక్క ఏదైనా ఉందా అని వెతికాం. దొరికింది తూకం.

లేబుల్ తీయాలంటే బరువు కొట్టాలి. అందుకని కొట్లో ప్యాకెట్ కట్టాక కాటా మీద పెట్టి, అంకె కనపడేలా ఫోటో తీసి కొడుక్కి వాట్సాప్‌లో పంపుతారు. లేబుల్ అంటించాక, సరైన ప్యాకెట్‌కే అంటిందో లేదో చూడటానికి మరో ఫోటో. అది కాటా మీద ఉండగానే తీశారు. ఆధారం కోసం తీసినవి కావు, పని నడవడానికి తీసినవి. తేదీ, గంట, ఏడబ్ల్యూబీ నంబరు (ప్యాకెట్‌కి కొరియరు ఇచ్చే నంబరు), 432 గ్రాములు, నాలుగూ ఒకే ఫోటోలో ఉన్నాయి. చీర 362, లోపలి సంచీ అట్టా కలిపి 45, బయటి కవరు 25.

తిరుగు ప్రయాణంలో కొరియరు గోదాములో యంత్రం తూచిన బరువు షిప్‌మెంట్ వివరాల్లో కనిపించింది: 560. వెళ్లేటప్పుడు అర కిలో లోపు శ్లాబు ఛార్జీ పడింది, వచ్చేటప్పుడు కిలో శ్లాబు పడింది. వేదిక అమ్మకందారుకి ఇచ్చే లెక్కల పట్టీ, సెటిల్‌మెంట్ రిపోర్టులో రెండు వరుసలూ ఉన్నాయి. అంటే వేదిక తన లెక్కల్లో తనే రెండు వేర్వేరు బరువులు రాసుకుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, అది తెలియకపోతే ఈ ఆధారం తిరగబడుతుంది. కొరియర్లు అసలు బరువుతో పాటు ఘనపరిమాణపు బరువు కూడా కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లలో 5000తో భాగిస్తారు. రెండిట్లో ఎక్కువైనదే ఛార్జీకి లెక్క. మన ప్యాకెట్ 30, 25, 3 సెంటీమీటర్లు, అంటే 450 గ్రాములు. అదీ అర కిలో లోపే. కానీ కవరు ఉబ్బెత్తుగా కట్టి ఎత్తు 4 సెంటీమీటర్లయితే 600 గ్రాములైపోయేది. అప్పుడు రెండు వైపులా కిలో శ్లాబే పడి తేడా మాయమయ్యేది. చీరల ప్యాకెట్‌ని గాలి నొక్కి బల్లపరుపుగా కట్టడం ఛార్జీ కోసమే అనుకుంటారు, సాక్ష్యానికీ అదే ఆదరవు.

రెండో మెలిక తేమ. పత్తి గాలిలో తేమని పీలుస్తుంది. ప్రామాణిక వాతావరణంలో పొడి పత్తి తన బరువు మీద సుమారు 8.5 శాతం తేమ పట్టి ఉంచుతుందని జౌళి లెక్క. ముసురు రోజుల్లో ఇంకా ఎక్కుతుంది. ఈ చీరకి ఎండ రోజుకీ ముసురు రోజుకీ ఇరవై ముప్ఫై గ్రాములు అటూఇటూ కావచ్చు. కాబట్టి ఇరవై గ్రాముల తేడా పట్టుకుని క్లెయిమ్ వేస్తే నిలవదు. 128 గ్రాములకి తేమ సాకు చెల్లదు. అప్పీల్లో ఈ వాక్యం ముందే రాశాం, అటునుంచి ప్రశ్న రాకముందే.

మూడో ఆధారం కొట్టు నడిపే ఇంటావిడ అలవాటు. ఖరీదైన చీరలన్నిటికీ కొంగు చివర నుంచి జానెడు లోపల, అంచు తిరగేసిన వైపు, ఎర్ర దారంతో రెండో మూడో నాలుగో కుట్లు వేస్తుంది. ఏ చీరకి ఎన్ని కుట్లో స్టాకు పుస్తకంలో రాస్తుంది. దొంగతనాలకి కాదు, ఒకే రంగు చీరలు కలిసిపోకుండా. ఈ చీరకి మూడు. తిరిగొచ్చినదానికి ఆ చోట కుట్లూ లేవు, సూది రంధ్రాలూ లేవు. కుట్లు విప్పేస్తే బట్ట ఉతికేదాకా రంధ్రాలు ఉంటాయి, వచ్చిన చీరేమో గంజి విరగని కొత్తది. మొదటి క్లెయిమ్‌లో ఈ సంగతి రాయనేలేదు. ‘అది మా ఇంట్లో గుర్తండీ, వాళ్లకేం పడుతుంది’ అనుకున్నారట.

అప్పీలు ఐదు వాక్యాల్లో ముగిసింది. పంపిన ప్యాకెట్ తూకం, దాని ఫోటో. తిరుగు ప్రయాణంలో కొరియరు తూకం, రెండు శ్లాబుల వరుసలు. తేడా తేమ వల్ల రాదని ఒక మాట. కుట్ల గుర్తు ఉన్న పేజీ, వచ్చిన చీరలో అదే చోటు దగ్గరగా తీసిన ఫోటో. చివర ‘వేరే వస్తువు వచ్చింది’ కింద పరిహారం కోరుతున్నాం అని. ఆరో రోజున 8,150 రూపాయలు ఖాతాలో పడ్డాయి. కమీషను పట్టుకున్నారు, వెళ్లేటప్పటి రవాణా ఖర్చు తిరిగి రాలేదు. ఇంతకు మించి ఆశించడం అత్యాశే.

పోగు కాల్చే పరీక్ష గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట. పత్తి పోగు కాగితం కాలిన వాసనతో కాలి మెత్తటి బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూస కడుతుంది. ఖాదీ బదులు పాలిస్టరు కలిపింది వస్తే ఇది చాలు. ఈ కేసులో రెండూ పత్తే, ఏమీ తేలలేదు. దానికన్నా కరెన్సీ నోట్లు చూసే చిన్న యూవీ టార్చి నయం. మిల్లులో తెల్లబరిచిన బట్టకి మెరుపు రసాయనం పట్టిస్తారు, చీకట్లో ఆ టార్చి వేస్తే నీలంగా వెలుగుతుంది. తెల్లబరచని ఖాదీ అలా వెలగదు. అయితే చాలా సబ్బుపొడుల్లోనూ అదే రసాయనం ఉంటుంది కాబట్టి ఒకసారి ఉతికిన ఖాదీ కూడా వెలుగుతుంది. అప్పుడు ‘చీర మారింది’ అనకూడదు, ‘ఉతికి పంపారు’ అనాలి. రెండూ వేర్వేరు క్లెయిములు.

ఆ రెండో రకం కేసు ఇదే కొట్టుకి పండగ తర్వాత వచ్చింది, ఓడిపోయింది. 3,400 రూపాయల జాందానీ చేనేత చీర, కట్టుకుని పంపేశారు. చీర కింది అంచు పొడుగునా వేలెడు దూరానికి ఒకటి చొప్పున సూది రంధ్రాలు, అంటే ఫాల్ కుట్టి విప్పారు. భుజం దగ్గర కుచ్చిళ్ల చోట పిన్నీసు రంధ్రాలు రెండు. ఈసారి తెరిచే వీడియో నిక్కచ్చిగా ఉంది, కవరు ఆరు వైపులా చూపించారు, లేబుల్ చదవగలిగేలా ఉంది. అయినా ‘పంపేటప్పుడు ఆ రంధ్రాలు లేవనడానికి ఆధారం ఏది’ అన్నారు. లేదు. ప్యాకింగ్ ఫోటోలో మడిచిన చీర పైభాగం మాత్రమే ఉంది. తిరిగొచ్చిన సరుకు వీడియో సగం సాక్ష్యమే, పంపిన సరుకు వీడియో మిగతా సగం. అమ్మకందారులు మొదటిదానికి ఇచ్చే శ్రద్ధలో పావు వంతు రెండోదానికి ఇవ్వరు.

ఇప్పుడు ఆ కొట్లో పద్ధతి మారింది. 5,000 దాటిన ప్రతి చీరకీ పంపేముందు ఒకటే టేకులో తొంభై సెకన్ల వీడియో. కిటికీ పక్కన తెల్ల దుప్పటి పరిచిన బల్ల, ఫోను స్టాండు మీద. మొదట లేబుల్, నంబరు గట్టిగా చదవడం. తర్వాత కింది అంచు ఒక చివర నుంచి మరో చివరకి మెల్లగా జరపడం, కొంగు, కుట్ల గుర్తు, చీర ఒక్కదాని తూకం, మడిచి కవర్లో పెట్టి అంటించడం, మళ్లీ తూకం. కాటా ఒక గ్రాము తేడా చూపించేది. కవరు, ఒకసారి అంటిస్తే చింపకుండా రాని రకం. ఫైలు పేరు ఏడబ్ల్యూబీ నంబరే. వేదికలో ఎక్కించడానికి పరిమాణం తగ్గించిన కాపీ వేరు, అసలు ఫైలు ముట్టుకోకుండా హార్డ్ డిస్కులో వేరు. తిరిగొచ్చిన ప్యాకెట్‌ని కుర్రాడి ఎదుటే కాటా మీద పెడతారు. చిరిగి ఉంటే, తూకం బాగా తేడా ఉంటే, సంతకానికి ముందే ఆ మాట డెలివరీ యాప్‌లో నమోదు చేయమంటారు, లేదా తీసుకోరు. తీరిక లేదని కుర్రాడు విసుక్కుంటాడు, నిజమే, విసుక్కోనివ్వాలి.

1,000 లోపు తువ్వాళ్లకీ పంచెలకీ ఇదంతా చేస్తే పని గిట్టదు. వాటికి కాటా మీది ఫోటో చాలు. మధ్యలో ఉన్నవాటికి కింది అంచు, కొంగు ఫోటోలు.

అన్యాయపు రిటర్న్‌ల గురించి మాట్లాడేటప్పుడు రెండో వైపు కూడా చూడాలి. ఆ మూడు నెలల్లో వచ్చిన రిటర్న్‌లన్నీ పుస్తకంలో వరుసగా పెట్టి చూస్తే సగానికి పైగా కొట్టు తప్పులే. ఒక లిస్టింగ్ ఫోటోలో జాకెట్టు ముక్క కనిపిస్తుంది, చీరతో అది రాదు. చీర పొడవు రాయలేదు. పాలమీగడ రంగు చీర ఫోటోని బాగుండాలని తెల్లగా దిద్దారు, ‘రంగు వేరు’ అని వెనక్కి వచ్చింది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, మిల్లు నూలుతో మగ్గం మీద నేసిన రెండు రకాలని శీర్షికలో ఖాదీ అని రాయడం. ఖాదీ అంటే వడకడమూ నెయ్యడమూ రెండూ చేత్తోనే. 2013 నాటి ఖాదీ మార్క్ నిబంధనల ప్రకారం ఆ మార్క్ లేని బట్టని ఖాదీ అని అమ్మకూడదు. కొన్నవారు ‘ఇది ఖాదీ కాదు’ అని తిప్పి పంపితే అక్కడ అన్యాయం ఎవరిది? లిస్టింగులు సరిచేశాకే మిగతా పని మొదలెట్టాం.

చట్టం వైపు తెలుసుకోవాల్సింది కొంచెమే. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపంగా ఉన్నా, నకిలీ అయినా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకున్నా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి లేదు. ‘రిటర్న్ లేదు’ అని బిల్లు మీద ముద్ర కొట్టినా ఆ సందర్భాల్లో చెల్లదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. చిన్న కొట్టులో ఫిర్యాదుల అధికారి అంటే యజమానే, పేరూ నంబరూ కనిపించేలా పెట్టాలి. పోలీసు ఫిర్యాదుకి భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్, మోసం కింద, దారి ఉంది. ఒకే చిరునామా నుంచి పదే పదే జరిగితే తప్ప ఒక చీరకి స్టేషను మెట్లెక్కమని సలహా ఇవ్వం, ఎవరు మార్చారో రుజువు కాదు.

లెక్కల్లో రెండుచోట్ల పొరపాటు జరుగుతోంది. రీఫండ్ అయిన బిల్లుకి జీఎస్టీలో క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తం తగ్గించే పత్రం) వెయ్యాలి, ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోగా, వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేస్తే ఆ లోగానే. అయితే మన చీర తిరిగి రాలేదు, వేరేది వచ్చింది. పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ని (కొనేటప్పుడు కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) వెనక్కి కట్టాల్సి వస్తుంది కాబట్టి ఈ ఒక్క బిల్లుని మామూలు రిటర్న్‌ల గుంపులో కలిపేయకుండా ఆడిటరుకి విడిగా చూపించాలి. ఇక వేదిక అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే జీఎస్టీ భాగం, టీసీఎస్, 2024 జులై 10 నుంచి అర శాతం, రిటర్న్‌లు పోను మిగిలిన అమ్మకం మీదే లెక్క. పరిహారంగా వచ్చిన 8,150ని అమ్మకంలో కలిపితే వేదిక వేసిన లెక్కకీ పుస్తకాలకీ పొంతన కుదరదు. దానికి వేరే పద్దు పెట్టించాం.

మారి వచ్చిన మిల్లు చీరని పని మనిషికి ఇచ్చేద్దామనుకున్నారు, ఆపాం. వేదిక దాన్ని తిరిగి అడగొచ్చు, క్లెయిమ్‌ని మళ్లీ తెరవనూవచ్చు. అది వచ్చిన కవరుతో సహా, పాత లేబుల్ చిరగకుండా, మీద ఏడబ్ల్యూబీ నంబరూ తేదీ రాసి బీరువా పై అరలో పెట్టారు. కింది అరలో ఫాల్ రంధ్రాలున్న జాందానీ చీర ఉంది, దానికి రంధ్రాలున్నాయని చెప్పి తగ్గించి కొట్లోనే అమ్మేస్తారు.